ఆ బ్యాంకాక్ టికెట్ ఎవరు కొన్నారో ముందు అడగండి

మీ అబ్బాయికి విదేశంలో ఉద్యోగం చూశామని ఎవరైనా వచ్చి చెప్పారా? ముందు బ్యాంకాక్‌లో దిగాలన్నారా? అక్కడి నుంచి కంబోడియా రాజధాని ఫ్నోమ్ పెన్‌కి మనవాళ్ళే తీసుకెళ్తారన్నారా? పనంటే ఏసీ గదిలో కూర్చుని కంప్యూటర్లో వివరాలు కొట్టడమేననీ, ఇప్పుడు టూరిస్టు వీసా మీద వెళ్ళి చేరితే కంపెనీయే తర్వాత మార్పిస్తుందనీ చెప్పారా? అయితే ఇది చదవడం పూర్తయ్యేదాకా డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే, పోయింది డబ్బేనని గుండె రాయి చేసుకోండి. పిల్లవాణ్ణి మాత్రం విమానం ఎక్కించకండి.

ప్రయాణాలు మానుకోమని నేను చెప్పడం లేదు. కంబోడియా చూడదగ్గ దేశం. అంకోర్ వాట్ గోడల మీద చెక్కిన క్షీరసాగర మథనం చూస్తే మన గుడికి వచ్చినట్టే ఉంటుంది. ఫ్నోమ్ పెన్‌లో రాజభవనం ఉంది, మెకాంగ్ ఒడ్డు ఉంది. పోల్ పాట్ కాలంలో మనుషుల్ని చిత్రహింసలు పెట్టి చంపిన టూల్ స్లెంగ్ జైలు ఉంది, ఇప్పుడది మ్యూజియం. వీటిని చూడటానికి వెళ్ళేవాళ్ళు హాయిగా వెళ్ళి రండి. చూడటానికి వెళ్తున్నామనే పేరుతో, చూడటానికిచ్చే వీసాతో, పనికి వెళ్ళేవాళ్ళ గురించే నా భయం.

విశాఖపట్నంలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2024 మే నెలలో అక్కడి పోలీసులు కొందరు ఏజెంట్లను పట్టుకున్నాక గుట్టు బయటపడింది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, మనిషికి లక్షన్నర దాకా వసూలు చేసి, కుర్రాళ్ళను బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. దిగగానే పాస్‌పోర్టులు లాక్కున్నారు. ఆపైన చేయించిన పని ఫోన్లో మనుషుల్ని మోసం చెయ్యడం. ఒప్పుకోనివాళ్ళకు తిండి బందు, దెబ్బలు. అదే నెల 20వ తేదీన సిహనూక్‌విల్ అనే రేవు పట్నంలో చిక్కుకున్న మనవాళ్ళు వందల సంఖ్యలో ఎదురు తిరిగారు. జిన్‌బెయ్-4 అనే కట్టడంలోని 60 మందిని బయటికి తీసుకొచ్చి ఇళ్ళకు పంపామని ఫ్నోమ్ పెన్‌లోని మన రాయబార కార్యాలయం చెప్పింది. అప్పటికే మరో మూడు వందల మందిని రక్షించి ఉంది. వాళ్ళలో విశాఖ, ఆ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు చాలామంది. చదువుకున్నవాళ్ళు, ఇంగ్లీషు, కంప్యూటరు వచ్చినవాళ్ళు. తెలివితక్కువవాళ్ళు మోసపోతారులే అనుకోకండి, ఆ ముఠాలకు కావలసింది తెలివైనవాళ్ళే.

సిహనూక్‌విల్ ఇలా ఎందుకు తయారైందో కూడా తెలుసుకోవాలి. ఒకప్పుడది ఇసుక తీరం ఉన్న చిన్న పట్నం. చైనా పెట్టుబడులతో వరసగా కాసినోలు లేచాయి. 2019లో కంబోడియా ప్రభుత్వం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది, ఆ వెంటనే కరోనా వచ్చింది. ఖాళీ పడ్డ పెద్ద పెద్ద కట్టడాల్లోకి మోసాల ముఠాలు దిగాయి. చుట్టూ ఎత్తు గోడలు, గోడల మీద ముళ్ళ తీగ, గేటు దగ్గర కాపలా. కంబోడియాలో సుమారు లక్ష మంది, మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేల మంది ఇలా బలవంతపు పనిలో ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో అంచనా కట్టింది. గుంటూరు, ఒంగోలు, చీరాల లాంటి ఊళ్ళలో ప్రకటన చూసి ఫోన్ చేసే కుర్రాడికి ఈ గోడలు కనపడవు. ఈతకొలనూ, నవ్వుతున్న ఉద్యోగులూ ఉన్న ఫోటోలే కనపడతాయి.

కంబోడియా వద్దంటే వాళ్ళు ఇంకో పేరు చెబుతారు. థాయిలాండ్‌లో ఐటీ ఉద్యోగమంటారు. బ్యాంకాక్‌లో దిగాక కారులో ఎక్కించి గంటల తరబడి తిప్పి, మే సాట్ దగ్గర మోయీ ఏరు దాటిస్తారు. అవతలి ఒడ్డు మయన్మార్, మ్యావడీ ప్రాంతం. అక్కడ ఏ ప్రభుత్వం మాట చెల్లుతుందో చెప్పడం కష్టం. ఈ మార్గం గురించి మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. అయినా వెళ్ళారు. 2025 మార్చిలో రెండు రోజుల్లో 549 మందిని వాయుసేన విమానాల్లో తెచ్చుకోవలసి వచ్చింది, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో మయన్మార్ సైన్యం కేకే పార్క్ అనే స్థావరం మీద పడితే మళ్ళీ వందల మంది భారతీయులు ఏరు దాటి పారిపోయి వచ్చారు, నవంబరులో మళ్ళీ విమానాలు వెళ్ళాయి. లావోస్‌లో గోల్డెన్ ట్రయాంగిల్ దగ్గరా ఇదే వ్యవహారం. దేశం పేరు మారుతుంది, ఎర ఒక్కటే.

చీరాల పక్కనున్న మా వాడరేవు దాకా ఇది రాదులే అనుకోకండి. వచ్చే దారులన్నీ తెరిచే ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిర్చి రేటు పడిపోతే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక ధర కట్టవలసి వచ్చింది. అదే ఏడాది పర్చూరు వైపు నల్ల బర్లీ పొగాకును కంపెనీలు కొనకపోతే మార్క్‌ఫెడ్ దిగవలసి వచ్చింది. కౌలు డబ్బు కూడా తిరిగి రాని ఇంట్లో బీటెక్ చదివిన కొడుకు ఉంటే వాడి మనసు ఎటు పోతుంది? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉంటాయి, కుర్రాళ్ళ చేతిలో ఫోన్లు ఉంటాయి. చీరాల మగ్గం మీద పిల్లలెవరూ కూర్చోవడం లేదు. ఇక్కడ పెద్ద రేవు వస్తుంది, పరిశ్రమలు వస్తాయి, ఇంటికో ఉద్యోగమన్నారు. వాన్‌పిక్ అనే ఆ ప్రాజెక్టు పేరు 2008 నుంచీ వింటున్నాం. రేవు రాలేదు, ఉద్యోగాలూ రాలేదు. ఉన్న ఊళ్ళో పని దొరకనప్పుడు దూరాన ఉన్నది నిజమనిపిస్తుంది. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు. అందుకే మనం ముందే కాపు కాయాలి.

వచ్చి చెప్పేవాడు కొత్తవాడే అయి ఉండడు. అసలు కష్టం ఇక్కడే ఉంది. మన చుట్టమో, పిల్లవాడితో పాలిటెక్నిక్ చదివినవాడో, ముందే అక్కడికి వెళ్ళి చిక్కుకున్న స్నేహితుడో అవుతాడు. చిక్కుకున్నవాణ్ణి వదలాలంటే ఇంకో ఇద్దర్ని పిలిపించమంటారు. తెచ్చినవాడికి తలకింత అని ముట్టజెబుతారు. వాడు వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడతాడు. వెనక ఎవరు నిలబడి ఉన్నారో మనకు కనపడదు. అన్నా, భోజనం బాగుంది, రూము బాగుంది, నువ్వూ రా అంటాడు. స్నేహితుడి మాట నమ్మి వెళ్ళినవాళ్ళే ఎక్కువగా బలైపోతున్నారు. కాబట్టి ఎంత దగ్గరవాడు చెప్పినా కాగితం అడగండి.

ఏ కాగితమంటారా? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం మనవాళ్ళను విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు ప్రకటన మీద ఉండాలి, ఆఫీసు బోర్డు మీద ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూస్తే లైసెన్సు ఉందో లేదో, గడువు దాటిందో లేదో అయిదు నిమిషాల్లో తెలుస్తుంది. లైసెన్సున్న ఏజెంటు కూడా సేవా రుసుము కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి, రసీదివ్వాలి. లక్షన్నర ఫోన్‌పేలో పంపు, రసీదు తర్వాత ఇస్తా అన్నవాడు ఏజెంటు కాడు. ఊళ్ళో టికెట్లు బుక్ చేసే షాపుకీ, ఉద్యోగాలకు పంపే లైసెన్సుకీ సంబంధం లేదు. ఈ తేడా తెలియకే చాలామంది మునుగుతున్నారు.

ఇంకో కంత ఉంది, దాన్ని ఎవరూ విడమరిచి చెప్పడం లేదు. పదో తరగతి పాసవని కూలీ పాస్‌పోర్టు మీద, వలస తనిఖీ అవసరమని చెప్పే ఈసీఆర్ ముద్ర ఉంటుంది; అతను గల్ఫ్‌కి వెళ్ళాలంటే హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం అతని ఒప్పందం చూసి గాని పంపదు. ఆ తనిఖీ ఉన్నది 18 దేశాలకే. కంబోడియా, లావోస్, మయన్మార్ ఆ జాబితాలో లేవు. పైగా పది పాసైనవాడికి ఆ ముద్రే ఉండదు. అంటే తాపీపనికి వెళ్ళే తండ్రి కాగితాలను ఒక అధికారి చూస్తాడు, డిగ్రీ చదివిన కొడుకు కాగితాలను ఎవరూ చూడరు. ఆ చూసే పని మీ మీదే పడింది. నా మాట నమ్మి, ఒప్పందపు కాగితాన్ని ఇంట్లోనే పెద్ద గొంతుతో చదివించండి. కంపెనీ పేరుందా? చిరునామా ఉందా? జీతం ఏ డబ్బులో ఇస్తారో ఉందా? పని మానేస్తే జరిమానా కట్టాలని రాశారా? జరిమానా అన్న మాట కనపడితే అక్కడితో ఆపెయ్యండి.

రాతకున్న విలువ మన తీరానికి కొత్త కాదు. మా వాడరేవుకు దక్షిణాన కాస్త దూరంలోనే మోటుపల్లి ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అక్కడ అభయ శాసనం వేయించాడు. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు లాగేసుకునే రోజుల్లో, సుంకం మాత్రమే తీసుకుంటాం, మిగిలింది వర్తకుడిదేనని రాతి మీద చెక్కించాడు. సముద్రం దాటి వచ్చే అపరిచితుడికి కూడా రాతపూర్వకంగా భరోసా ఇచ్చిన రేవు మనది. అలాంటి చోట పుట్టినవాళ్ళం, ఉత్త వాట్సాప్ మెసేజీ నమ్మి పిల్లల్ని సముద్రం దాటించడమేమిటి?

అక్కడ చేయించే పని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని దెబ్బ తిరిగి మనకే తగులుతోంది. తెలుగు వచ్చిన కుర్రాడి చేత తెలుగువాళ్ళకే ఫోన్ చేయిస్తారు. మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందంటారు, సీబీఐ అంటారు, వీడియోలో పోలీసు దుస్తుల్లో కనపడి డిజిటల్ అరెస్టు అంటారు. షేర్లలో లాభాలంటారు, అందమైన అమ్మాయి ఫోటో పెట్టి నెలల తరబడి కబుర్లాడతారు. రిటైరైన మాస్టారు దాచుకున్న డబ్బంతా ఇలా పోతోంది. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలోనే లేదని ప్రధాని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో చెప్పవలసి వచ్చింది. అవతల మాట్లాడుతున్నవాడు మన పక్క ఊరి పిల్లవాడే కావచ్చు, వాడి వీపున కర్ర ఉండవచ్చు. తిరిగొచ్చాక పోలీసులు అడిగే ప్రశ్నలకు వాడు జవాబు చెప్పుకోవాలి. ఇంకొకరిని అక్కడికి పిలిపించి ఉంటే కేసే అవుతుంది. బతికి బయటపడ్డా ఆ మచ్చ పోవడానికి ఏళ్ళు పడుతుంది.

నిజంగా విహారానికే వెళ్ళేవాళ్ళకు కూడా నాలుగు మాటలు. టికెట్ మీరే కొనుక్కోండి, రాను పోను రెండూ. ఉచిత టికెట్, ఉచిత హోటల్ ఇస్తామంటే ఎవరు, ఎందుకు ఇస్తున్నారో తేలేదాకా ఒప్పుకోకండి. తిరిగి వచ్చేటప్పుడు ఈ బ్యాగు మా వాళ్ళకివ్వు అని అప్పజెబుతారు. థాయిలాండ్ 2022లో గంజాయి మీద ఆంక్షలు సడలించాక బ్యాంకాక్ నుంచి వచ్చే సామాన్లలో హైడ్రోపోనిక్ గంజాయి శంషాబాదులో పదే పదే పట్టుబడుతోంది. పట్టుబడేది ఇచ్చినవాడు కాదు, మోసినవాడు. సింగపూర్, మలేషియా, ఇండోనేషియా చట్టాల్లో మత్తుమందు రవాణాకు మరణశిక్ష దాకా ఉంది. చాక్లెట్ పొట్లమైనా సరే, సీలు వేసినదైనా సరే, ఇంకొకరి సామాను ముట్టుకోకండి. మీ పేరు మీద తీసిన సిమ్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు పట్టుకురమ్మంటే అసలు కదలకండి.

వీసా లేకుండా వెళ్ళవచ్చన్న మాటకు మురిసిపోయి బయల్దేరకండి. థాయిలాండ్ 2024 జులైలో మనవాళ్ళకు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలిచ్చింది, 2025 మే నుంచి ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో రాక వివరాలు నింపమంది. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి. బయల్దేరే వారం ముందు ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూసుకోండి. కంబోడియాకు వీసా కావాలి, దానికి ప్రభుత్వపు ఈ-వీసా సైటు ఉంది. దాని పోలికతో నకిలీ సైట్లూ ఉన్నాయి. ఏ దేశమైనా సరే, విహారపు అనుమతి మీద పని చేస్తే చట్టం దృష్టిలో మీరే దోషి. ముఠా మిమ్మల్ని భయపెట్టేది కూడా ఇదే మాట చెప్పి. పోలీసుల దగ్గరికి పోతే జైల్లో వేసేది నిన్నేరా అంటారు.

థాయిలాండ్ నుంచి రోడ్డు మీద పోయిపెట్ దగ్గర కంబోడియాలోకి దాటిస్తామంటే ఒప్పుకోకండి. 2025 జులైలో ఆ రెండు దేశాల సైన్యాలు అయిదు రోజులు కాల్పులు జరుపుకున్నాయి, డిసెంబరులో మళ్ళీ పోరు మొదలైంది, సరిహద్దు గేట్లు మూతపడ్డాయి. ఫ్నోమ్ పెన్ వెళ్ళాలంటే విమానంలోనే వెళ్ళండి. 2025 సెప్టెంబరులో తెరిచిన టెకో విమానాశ్రయంలో దిగుతారు. ఊళ్ళో టుక్‌టుక్‌లో కూర్చుని ఫోన్ బయట పట్టుకోకండి, బైకుల మీద వచ్చి లాక్కుపోతారు. బైకు అద్దెకిచ్చేవాడు పాస్‌పోర్టు తాకట్టు అడుగుతాడు, ఇవ్వకండి. ఇక పేకాట బృందాలు కట్టుకుని వెళ్ళే పెద్దమనుషులకు ఒక్క మాట: థాయిలాండ్‌లో జూదం నేరం. 2023 మేలో పట్టాయా హోటల్లో పోలీసులు పడి 83 మంది భారతీయుల్ని పట్టుకున్నారు. ఇంట్లో పిల్లలకు నీతులు చెప్పే వయసులో ఉన్నవాళ్ళకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

అమ్మలకు చెబుతున్నాను. పిల్లవాడి పాస్‌పోర్టు, వీసా, టికెట్, ఒప్పందం ఫోటోలు మీ ఫోన్లో ఉంచుకోండి. వాణ్ణి తీసుకెళ్తున్నవాడి ఫోటో, ఆధార్, ఊరు తెలుసుకోండి. ఆపదలో ఉంటే ఫోన్లో చెప్పడానికి మీ ఇద్దరికే తెలిసిన ఒక మాట ముందే అనుకోండి. మేనత్త కులాసాగా ఉందా అంటే చాలు, లేని మేనత్తను అడిగాడంటే మీకు అర్థమైపోవాలి. రోజూ ఫోన్ చేసేవాడు ఉన్నట్టుండి మెసేజీలే పెడుతున్నాడంటే, వీడియో ఆన్ చెయ్యడం లేదంటే, కంపెనీకి కట్టాలి లక్షలు పంపమంటున్నాడంటే వాడు చిక్కుకున్నట్టే. డబ్బు పంపితే వదులుతారనుకోకండి. పంపే ఇల్లని తెలిస్తే ఇంకా అడుగుతారు, లేదంటే ఇంకో ముఠాకు అమ్ముతారు.

అప్పటికప్పుడు చెయ్యవలసింది పోలీసు స్టేషన్‌కి వెళ్ళడం. పంపిన ఏజెంటు మీద ఫిర్యాదు రాయండి. సైబర్ నేరాల నంబరు 1930కి చెప్పండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో వివరాలు నమోదు చెయ్యండి. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం నంబరు 1800-11-3090. మన రాష్ట్రానికి ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్నార్టీఎస్ ఉంది, అక్కడ చెప్పుకోండి. ఫ్నోమ్ పెన్‌లో మన రాయబార కార్యాలయముంది, వందల మందిని ఇప్పటికే ఇంటికి చేర్చింది. పిల్లవాడు పంపిన లొకేషన్, గది కిటికీలోంచి తీసిన ఫోటో, కట్టడం మీది పేరు, ఏది దొరికినా వాళ్ళకివ్వండి. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని ఆగకండి. మీరు ఆగిన ప్రతి రోజూ వాడికి నరకం.

ఊరివాళ్ళకు కూడా ఒక విన్నపం. తిరిగొచ్చినవాణ్ణి ఎగతాళి చెయ్యకండి. అప్పు చేసి వెళ్ళి, వట్టి చేతులతో వచ్చి, ఎవరికీ చెప్పుకోలేక గదిలో కూర్చున్న పిల్లవాడు నోరు విప్పితేనే ఇంకో నలుగురు ఆగుతారు. వాడి చేత కాలేజీలో చెప్పించండి. రేవులో వేట విరామం రోజుల్లో నలుగురూ కూర్చునే చోట చెప్పించండి. చీరాలలో, ఇంకొల్లులో, చిలకలూరిపేటలో కాలేజీలు నడిపేవాళ్ళు ఆఖరి సంవత్సరం పిల్లలకు ఒక్క గంట దీనికిస్తే చాలు, ఈ-మైగ్రేట్‌లో ఏజెంటు పేరు ఎలా వెతకాలో చూపించవచ్చు.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లల్ని అడగండి: విదేశీ ఉద్యోగం గురించి నీతో ఎవరైనా మాట్లాడుతున్నారా, టికెట్ ఎవరు కొంటామన్నారు, వీసా ఏమిటన్నారు? కోప్పడకుండా అడగండి. టూరిస్టు వీసా అని జవాబొస్తే ఆ ప్రయాణం ఆపించండి.